వంటింట్లో ఫోన్, తూకం, థర్మామీటర్: వంట నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లోనే శని, ఆదివారాల్లో నలుగురైదుగురికి వంట నేర్పుతుంటాను. కొత్తగా పెళ్లయినవాళ్లు, రూముల్లో ఉండి ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న ఒక మాస్టారు, ఇలా రకరకాల వాళ్లు వస్తారు. మా అత్తయ్య పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పొయ్యి దాకా రాకుండానే వాసన పట్టి "మాడుతోంది, సెగ తగ్గించు" అంటారు. వచ్చే ప్రతి ఒక్కరి చేతిలో ఫోన్ ఉంటుంది, దాంతో పాటే బోలెడన్ని సందేహాలు. ఎక్కువగా వచ్చేవాటికి నాకు తెలిసినంతలో ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

వీడియో చూసి వండుకుంటున్నాం కదా, మళ్లీ ఈ "ఇంటరాక్టివ్" పరికరాలు ఎందుకు?

వీడియో మన కోసం ఆగదు కాబట్టి. అందులో ఆవిడ ఉల్లిపాయలు వేయించడం అరనిమిషంలో అయిపోతుంది, మనకు పన్నెండు నిమిషాలు పడుతుంది. మన ముక్కలు లావుగా తరిగామా, మన మూకుడు పలచనా మందమా, దానికేం తెలుస్తుంది? మనం చేసిన పనికి తిరిగి ఏదో ఒక జవాబు చెప్పేది ఇంటరాక్టివ్ పరికరం. పిండి పోస్తుంటే అంకె చూపించే డిజిటల్ తూకం, పాకంలో పెడితే వేడి చెప్పే థర్మామీటర్, "పది నిమిషాలకు టైమర్ పెట్టు" అంటే పెట్టే ఫోన్, ఒక మెట్టు పూర్తయ్యాకే తర్వాతి మెట్టు చూపించే తెరలు, అన్నీ ఈ కోవలోవే.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌లో 2000ల తొలి సంవత్సరాల్లోనే వంటగట్టు మీద, ఫ్రిజ్ తలుపు మీద వెలుగుతో సూచనలు పడేలా ఒక వంటగదిని తయారుచేసి చూశారు. జర్మనీ కంపెనీ వోర్‌వెర్క్ 2014లో తెచ్చిన థర్మోమిక్స్ టీఎం5 అనే వంట యంత్రం అయితే గిన్నెలోనే తూకం వేసి, "ఇప్పుడు ఇంత పొయ్యండి" అని తెర మీద చెప్పేది.

వీడియోలు వద్దనడం లేదు. మస్తానమ్మ గారు ఆరుబయట కట్టెల పొయ్యి మీద వండే వీడియోలు మా అత్తయ్యకు ఇప్పటికీ ఇష్టం. నూరేళ్లు దాటిన వయసులో కంట్రీ ఫుడ్స్ అనే యూట్యూబ్ ఛానెల్‌తో ప్రపంచమంతా పేరు తెచ్చుకుని, 2018 డిసెంబరులో కన్నుమూశారావిడ. ఆ వీడియోల్లో చేతి వాటం చూడొచ్చు, ధైర్యం తెచ్చుకోవచ్చు. ఇద్దరికి సరిపడా పులుసులో ఉప్పెంతో మాత్రం వాటిలో దొరకదు.

మొదట ఏం కొనాలి?

డిజిటల్ తూకం. ఐదు కిలోల దాకా తూగేది, ఒక్కో గ్రాము తేడా చూపించేది చాలు. రెండోది, సన్నని కడ్డీ ఉండే ప్రోబ్ థర్మామీటర్. రెండూ మామూలు రకమైతే ఒక్కోటి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. మూడోది ఇప్పటికే మీ చేతిలో ఉంది, ఫోన్. ఆర్నెల్ల దాకా ఇంకేమీ కొనకండి.

థర్మామీటర్ తెచ్చాక ఒక్కసారి పరీక్ష చేసుకోండి. మన గుంటూరు, విజయవాడ సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో లేవు కాబట్టి కళపెళ మరిగే నీళ్లలో 100 డిగ్రీల దగ్గర చూపించాలి. ఐస్ ముక్కలు వేసి బాగా కలిపిన నీళ్లలో సున్నా దగ్గరకు రావాలి. రెండు మూడు డిగ్రీలు తేడా ఉంటే దాని మీదే స్టిక్కర్ అంటించి రాసుకోండి. తుపాకీలా గురిపెట్టే లేజర్ థర్మామీటర్ వంట నేర్చుకునేవాళ్లకు నేను చెప్పను. అది పైపై వేడినే చూస్తుంది, పైగా మెరిసే స్టీలు మీద తప్పు చూపిస్తుంది.

మా అమ్మ చేతి వంటకు కొలతలే లేవు. "చూసి వేసుకో" అంటుంది. ఎలా రాసుకోవాలి?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. నాకు ఎక్కువ ఇష్టమైన ప్రశ్నా ఇదే.

అమ్మను స్పూనుతో కొలవమని అడగకండి. స్పూను చేతికివ్వగానే ఆవిడ చెయ్యి తడబడుతుంది, ఎప్పుడూ వేసేంత వెయ్యదు. ఆవిడను ఆవిడ పద్ధతిలోనే వండనిచ్చి, డబ్బాను తూయండి. ఉప్పు డబ్బా తూకం మీద పెట్టి, అంకెను సున్నా చేసే బటన్ నొక్కండి. ఆవిడ డబ్బా తీసుకుని, ఎప్పటిలాగే చేత్తో తీసి వేసి, డబ్బా మళ్లీ తూకం మీద పెట్టాలి. మైనస్ 14 అని కనిపిస్తే 14 గ్రాములు పడిందని లెక్క. కారం డబ్బాకు, చింతపండు డబ్బాకు, నూనె గిన్నెకు ఇదే పద్ధతి. కొన్ని తూకాలు రెండు నిమిషాలకు వాటంతటవే ఆగిపోయి సున్నా మర్చిపోతాయి. అలాంటిదైతే ముందు బరువు, తర్వాతి బరువు కాగితం మీద రాసుకుని తీసివేత చేసుకోండి.

ఒక్కసారితో సరిపోదు, కనీసం మూడుసార్లు రాయాలి. మా అత్తయ్య గోంగూర పచ్చడికి నేనలాగే రాశాను. పావుకిలో ఆకుకు ఒకసారి 13 గ్రాముల ఉప్పు, ఇంకోసారి 16, మూడోసారి మళ్లీ 13. ఆ 16 ఎందుకొచ్చిందని అడిగితే, "ఆ రోజు ఎర్ర గోంగూర వచ్చింది కదే, పులుపెక్కువ" అన్నారు. నా పుస్తకంలో ఉప్పు అంకె కన్నా విలువైన వాక్యం అది. తూకం తేడాను పట్టిస్తే, ఆ తేడా ఎందుకో ఆవిడ చెప్పారు. తూకమే లేకపోతే నాకు ఆ ప్రశ్న తట్టేదే కాదు.

పెద్దవాళ్లు గిద్ద, సోల, తవ్వ అంటే కంగారు పడకండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. అయితే ఏ ఇంటి గిద్ద ఆ ఇంటిదే, నెట్‌లో దొరికే లెక్క మీ ఇంట్లో గిద్దకు సరిపోకపోవచ్చు. ఆ గిద్ద నిండా నీళ్లు పోసి తూయండి. ఎన్ని గ్రాములుంటే అన్ని మిల్లీలీటర్లు. అదే గిద్దతో మినప్పప్పు ఒకసారి, బియ్యం ఒకసారి తూచి పెట్టుకుంటే ఇక జీవితకాలం పనికొస్తుంది.

ఆవిడ వండుతూ మాట్లాడే మాటలు ఫోన్లో రికార్డు చేయండి. ఆ మాటలు టైపు చేసుకుని, వరుసలో పెట్టమని ఏఐని, అంటే అడిగినదానికి జవాబు రాసిచ్చే గూగుల్ జెమినైలాంటి యాప్‌ని, అడగొచ్చు. కానీ "మాటలు మార్చకు, కొలతలు మార్చకు, లేనిది కలపకు" అని గట్టిగా చెప్పాలి. లేకపోతే అమ్మ ఎన్నడూ వెయ్యని గరం మసాలా మర్యాదగా వచ్చి చేరుతుంది.

పాకం ఎప్పుడూ తప్పుతోంది. థర్మామీటర్ నిజంగా సాయం చేస్తుందా?

చేస్తుంది, అందులో అనుమానం లేదు. నాకైతే పాకం నేర్పింది సగం అత్తయ్య, సగం థర్మామీటర్.

నేను ఈ ఇంటికి వచ్చాక రెండో సంక్రాంతికి అరిసెలు నేనే చేస్తానన్నాను. తడి బియ్యప్పిండి పట్టించి సిద్ధంగా పెట్టుకున్నాను. బెల్లం పాకం పొయ్యి మీద ఉంది, ఫోన్లో వీడియో నడుస్తోంది. సరిగ్గా పాకం చూపించే చోట ప్రకటన వచ్చింది. దాన్ని తప్పించి మళ్లీ ఆ చోటు వెతుక్కునేలోపు పాకం ముదిరిపోయింది. కంగారులో పిండి పోసేశాను. రెండు కిలోల పిండి, అరిసెలు పళ్లకు దిగలేదు. ఆ రాత్రి నాకు ఏడుపు ఆగలేదు. అత్తయ్య ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే కిలో బెల్లం తెప్పించి, పళ్లెంలో నీళ్లు పోసుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

అరిసెలకు కావాల్సింది ఉండ పాకం. చుక్క పాకం నీళ్లలో వేసి వేలితో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ కావాలి, నీళ్లలో కరిగిపోకూడదు, గట్టి గోళీలాగానూ ఉండకూడదు. థర్మామీటర్ మీద అది సుమారు 112 నుంచి 116 డిగ్రీల మధ్య వస్తుంది. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో చెదిరిపోతుంది, ముదిరితే రాయవుతుంది. చక్కెరతో తీగ పాకమైతే 105 అటూ ఇటూ. వేడి పెరిగేది పాకంలో నీళ్లు ఇగిరేకొద్దీ కాబట్టి ఈ అంకెలు నమ్మదగ్గవే.

కడ్డీ కొస గిన్నె అడుగుకు తగలకూడదు, తగిలితే పాకం వేడి కాకుండా గిన్నె వేడి చూపిస్తుంది. బెల్లం బెల్లానికీ తేడా ఉంటుంది కాబట్టి అంకెను ఆఖరి తీర్పుగా తీసుకోకండి. 108 రాగానే సెగ తగ్గించండి, 110 నుంచి ప్రతి అర నిమిషానికీ నీళ్లలో చుక్క వేసి వేలితో చూడండి. అంకె మనకు ఎప్పుడు మెలకువగా ఉండాలో చెబుతుంది. ఇలా నాలుగైదు సార్లు చేశాక ఒక విషయం గమనిస్తారు. బుడగలు చిన్నవి పెద్దవై, బరువెక్కి, "ప్లప్" మని నెమ్మదిగా పగలడం మొదలవుతుంది. ఆ చప్పుడు వినబడ్డాక థర్మామీటర్ వైపు చూస్తే 112 ఉంటుంది. నాకు మొదటిసారి అలా జరిగిన రోజు గుర్తుంది. అత్తయ్య "విన్నావా?" అన్నారు, అంతే.

కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే యాప్స్ ఉన్నాయట. మంచివేనా?

ఉన్నాయి, చప్పుడు విని లెక్కపెడతాయి. నేను వాడమని చెప్పను. విజిల్ లెక్క మీదే ఆధారపడడం సరైన పద్ధతి కాదు. కుక్కర్ లోపల ఒత్తిడి పెరిగాక వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. పప్పును ఉడికించేది ఆ వేడిలో గడిచే నిమిషాలు. సెగ పెద్దదైతే విజిల్స్ గబగబా వస్తాయి, లోపల వేడి మాత్రం పెద్దగా మారదు. అందుకే "మూడు విజిల్స్" అనే మాట ఒక ఇంట్లో మెత్తటి పప్పు, ఇంకో ఇంట్లో పలుకు పప్పు అవుతుంది. మొదటి విజిల్ రాగానే సెగ తగ్గించి ఫోన్లో టైమర్ పెట్టండి. నానబెట్టిన కందిపప్పుకు ఎనిమిది నిమిషాలతో మొదలుపెట్టి, మీ కుక్కర్‌కు ఎంతో మీరే తేల్చుకోండి.

ఎంతసేపైనా పప్పు ఉడకడం లేదంటే టైమర్ తప్పు కాదు. బోరు నీళ్లు వాడుతున్నారేమో చూడండి. ఆ ఉప్పు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజను గట్టిగా పట్టి ఉంచుతాయి. చింతపండు, టమాటా ముందే వేసినా అంతే, పులుపు పప్పును మెత్తబడనివ్వదు. పప్పు మెదిగాకే పులుపు పడాలి.

యాప్ చెప్పినట్టే నీళ్లు పోసినా అన్నం సరిగ్గా రావడం లేదు.

చాలా యాప్స్ బాస్మతి బియ్యాన్ని మనసులో పెట్టుకుని చెబుతాయి. మన ఇళ్లలో వండేది ఎక్కువగా బీపీటీ 5204. 1986లో మన బాపట్లలోనే పుట్టిన రకం, దేశమంతా సాంబా మసూరి అంటే అదే. పాత బియ్యమైతే గ్లాసుకు రెండు నుంచి రెండున్నర గ్లాసుల నీళ్లు తాగుతుంది, కొత్త బియ్యానికి అంత పోస్తే ముద్దయిపోతుంది. ఏఐని అడిగేటప్పుడు బియ్యం రకం, పాతవా కొత్తవా, కుక్కరా ఎసరు పెట్టి వండడమా, మూడూ చెప్పండి. బస్తా మారినప్పుడల్లా మొదటి రోజు నీళ్లు తూచి రాసుకోవడం మా ఇంట్లో అలవాటు.

తెలుగులో మాట్లాడితే ఈ పరికరాలకు అర్థమవుతుందా?

ఫోన్లకు బాగానే అర్థమవుతోంది. గూగుల్ అసిస్టెంట్‌కు 2019లో తెలుగు వచ్చింది. జెమినై యాప్ మన దేశంలో 2024 జూన్‌లో వచ్చినప్పుడే తెలుగుతో వచ్చింది. అలెక్సా స్పీకర్లు మాత్రం మన దగ్గర ఇంగ్లిష్, హిందీల్లోనే మాట్లాడతాయి. ఇంట్లో తెలుగు తప్ప రాని పెద్దవాళ్లుంటే స్పీకర్ కొనే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

చిక్కు మాటల దగ్గర వస్తుంది. "తాలింపు" అంటే తెలుస్తుంది, "తిరగమోత" అంటే ఒక్కోసారి తెల్లమొహం వేస్తుంది. "కళ్లుప్పు" అన్నది "కళ్లు నొప్పి" అని విని మా మాస్టారికి డాక్టర్ని కలవమని సలహా ఇచ్చింది. అడిగే ముందు చిమ్నీ, ఫ్యాను ఒక్క క్షణం ఆపండి. పొడవుగా కాకుండా ఒక్కసారికి ఒక్క విషయం అడగండి.

చేతులు తడిగా, పిండిగా ఉంటే ఫోన్ ఎలా ముట్టుకోవాలి?

ముట్టుకోవద్దు, మాటతోనే అడగండి. నీటి చుక్కలు పడితే తెర తనంతట తానే ఎక్కడెక్కడో నొక్కినట్టు ప్రవర్తిస్తుంది. జిప్ ఉండే పల్చటి ప్లాస్టిక్ కవర్లో ఫోన్ పెడితే తెర పనిచేస్తుంది, చేతి జిడ్డూ అంటదు. పచ్చి చికెన్ ముట్టిన చేత్తో మాత్రం కవర్ మీదైనా వద్దు, సబ్బుతో కడుక్కున్నాకే. ఫోన్ పొయ్యికి రెండడుగుల దూరంలో, గోడకు ఆనించి ఉండాలి. నూనె మూకుడు పక్కన ఛార్జింగ్ వైరు వేలాడితే నేను క్లాసు ఆపేస్తాను.

చికెన్ ఉడికిందో లేదో చెప్పే పరికరం ఉందా?

ఆ ప్రోబ్ థర్మామీటరే. ముక్కలో మందంగా ఉన్న చోట, ఎముకకు తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు దాటాలి.

ఏఐ చెప్పిన కొలతలు నమ్మొచ్చా?

రోజువారీ కూరలకైతే ఓ మోస్తరుగా నమ్మొచ్చు, తప్పినా ఒక పూటతో పోతుంది. నిలవ పచ్చళ్లకు మాత్రం నమ్మకండి.

మా దగ్గరకొచ్చే ఒక అమ్మాయి ఆవకాయ కొలతలు ఏఐని అడిగింది. కిలో ముక్కలకు రెండు టేబుల్ స్పూన్ల ఉప్పు అని చెప్పింది. అంటే సుమారు 35 గ్రాములు. మా ఇంట్లో కిలో ముక్కలకు 200 గ్రాములు వేస్తాం. ఆ ఉప్పు రుచి కోసమే వేసేది కాదు. ముక్కలోని నీళ్లను బయటకు లాగి, బూజుకు, క్రిములకు బతకడానికి చోటు లేకుండా చేసేది ఉప్పు, మామిడి పులుపు కలిసే. పైన నూనె తేలాలి, ముక్క మునగాలి. ఉప్పు తగ్గిస్తే మూడో వారానికి జాడీ మూత తీయగానే తెలుస్తుంది. బీపీ ఉంటే ఆవకాయ తక్కువ తినండి, ఆవకాయలో ఉప్పు తగ్గించకండి. అలాగే వెల్లుల్లి రెబ్బలు ఉట్టి నూనెలో వేసి బయట నిలవ పెట్టమంటే వినకండి. పులుపు లేని వాటిని గాలి తగలకుండా నూనెలో ఉంచితే బోటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం పుట్టే వీలుంది.

ప్రపంచంలో ఇలాంటి తప్పులు జరిగాయి కూడా. 2023లో న్యూజిలాండ్‌లో ఒక సూపర్‌మార్కెట్ ఏఐ వంటల బాట్, జనం ఇంట్లో వాడే క్లీనింగ్ రసాయనాల పేర్లిస్తే, వాటితో విషవాయువు పుట్టే "పానీయం" తయారీ చెప్పింది. 2024లో గూగుల్ వెతుకులాటలో ఏఐ జవాబు పిజ్జాకు చీజ్ అంటుకోవడానికి జిగురు కలపమంది. రుచి చూడని, వాసన పట్టని యంత్రం అది. చదివిన మాటలను పేర్చి చెబుతుంది.

కారం సంగతి ఇంకోటి. ఉత్తరాది వంటలో "రెండు స్పూన్ల కారం" అంటే చాలాసార్లు కాశ్మీరీ మిర్చి, రంగెక్కువ, ఘాటు తక్కువ. మన మిర్చి యార్డు నుంచి వచ్చే తేజ మిర్చి కారం అదే కొలతలో వేస్తే నోట్లో పెట్టలేరు. అడిగేటప్పుడు "తేజ రకం కారం" అనో "334 రకం" అనో చెప్పండి. చెప్పినా సగంతోనే మొదలుపెట్టండి.

కూర ఫోటో తీసి "సరిపోయిందా?" అని అడగొచ్చా?

అడగొచ్చు. దోశ అంచు మాడిందా, ఇడ్లీ పిండి పొంగిందా లాంటివి బాగానే చెబుతోంది. ఉల్లిపాయల రంగు మాత్రం పసుపు బల్బు కింద తప్పు చెబుతుంది, కిటికీ వెలుతురులో ఫోటో తీయండి. కూరలో పచ్చివాసన పోయిందా అన్నది మీ ముక్కునే అడగాలి.

ఇండక్షన్ స్టవ్ మీద నేర్చుకోవడం తేలికా?

ఒక విషయంలో నిజంగానే తేలిక. గ్యాసు మీద "మీడియం సెగ" అంటే ఎవరి మీడియం వాళ్లది. ఇండక్షన్ మీద 800, 1200 అని వాట్లలో అంకె కనిపిస్తుంది, ఈరోజు కుదిరింది రేపూ కుదురుతుంది. అయస్కాంతం అంటుకునే, అడుగు సమంగా ఉన్న గిన్నెలే పనిచేస్తాయి. ఇత్తడి, అల్యూమినియం, మట్టి పాత్రలు పనిచేయవు. గుండ్రటి అడుగున్న మూకుడు కుదరదు కాబట్టి గారెలకు గ్యాసే.

అమ్మాయి అమెరికాలో ఉంది. వీడియో కాల్‌లో నేర్పిస్తున్నాను, కుదరడం లేదు.

విజయవాడ నుంచి వచ్చే ఒకావిడ ఈ ప్రశ్న అడిగితే నాలుగు వారాలు దాని మీదే కూర్చున్నాం. ఈ రెండు ఊళ్లలో ఈ బాధ లేని వీధి లేదు.

మొదట కెమెరా. అమ్మాయి ముఖం చూడాలని మీకు ఉంటుంది, కానీ వంట నేర్పే ఆ అరగంట ఫోన్ మూకుడు వైపు చూడాలి. పైఅర మీద పెట్టి కిందికి వంచితే చాలు. నలభై నిమిషాల వంటలో పది నిమిషాలు ముఖం చూసుకోవడానికి చివర్లో పెట్టుకోండి. డల్లాస్‌లో వేసవిలో రాత్రి 8 అయితే మనకు పొద్దున ఆరున్నర, మీరు కాఫీ తాగుతూ కూర్చోవచ్చు.

తర్వాత పొయ్యి. అక్కడ చాలా ఇళ్లలో కాయిల్ ఉండే కరెంటు పొయ్యిలు. ఆపేసినా వేడి వెంటనే పోదు. మీరు "ఆపెయ్" అన్నాక కూడా తాలింపు మాడుతూనే ఉంటుంది. "గిన్నె పక్కకు తీసెయ్" అనాలి. ఈ ఒక్క మాట మార్చాక ఆవిడ కూతురి ఆవాలు మాడడం మానేశాయి. డెన్వర్ లాంటి ఎత్తు ఊళ్లలో నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి, బయట గిన్నెలో ఉడికే పప్పుకు ఇక్కడికన్నా ఎక్కువసేపు పడుతుంది. అక్కడి కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, మీ టీ కప్పుకు దానికి సంబంధం లేదు. ఇద్దరి దగ్గరా తూకం ఉంటే గ్రాముల్లో మాట్లాడుకోవచ్చు, సగం గొడవలు అక్కడే తగ్గుతాయి.

మీరు చేసేది ఆమెకు చూపించడం కన్నా, ఆమె చేసేది మీరు చూడడం మేలు. మాట్లాడకుండా రెండు నిమిషాలు తాలింపు చప్పుడు వినండి. ఆ చప్పుడులో తేడా మీకు ఇక్కడి నుంచే తెలుస్తుంది.

లక్ష రూపాయల వంట యంత్రం కొనుక్కోవచ్చా?

తనే తూచి, కలిపి, ఉడికించే యంత్రాలు ఒంట్లో బాగోనివాళ్లకు, చేతులు వణికేవాళ్లకు నిజమైన ఆసరా. వాళ్లు కొనుక్కోవాలి. వంట నేర్చుకోవాలనుకునేవాళ్లకు వద్దు. గిన్నె మూత వేసి ఉంటే ఏం నేర్చుకుంటారు?

చూపు సరిగ్గా లేని పెద్దవాళ్లకు ఏమైనా ఉందా?

ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే తెర మీద ఉన్నది తెలుగులో చదివి వినిపిస్తుంది. అంకెను పైకి చదివే తూకాలు దొరుకుతాయి. 2015లో డెన్మార్క్‌లో మొదలైన బి మై ఐస్ అనే ఉచిత యాప్‌లో, కెమెరా చూపిస్తే అవతల ఒక వాలంటీర్ చూసి "ఇది జీలకర్ర డబ్బా" అని చెబుతారు. వంటింట్లో వాళ్లు తమ పని తాము చేసుకోగలగడం ఎంత పెద్ద సంగతో దగ్గర నుంచి చూసినవాళ్లకు తెలుస్తుంది.

స్పీకర్ మా మాటలన్నీ వింటుందా?

తన పేరు కోసం ఎప్పుడూ చెవి పెట్టి ఉంటుంది. మైక్ ఆపే బటన్ స్పీకర్‌కే ఉంటుంది, వంట అయిపోగానే నొక్కండి. పాత రికార్డింగులు యాప్‌లోకి వెళ్లి చెరిపేయొచ్చు.

ఫోన్ పోతే ఇంతకాలం రాసుకున్నదంతా పోతుందా?

పోతుంది. నాకు ఒకసారి పోయింది కూడా. అప్పటి నుంచి నెలకోసారి ఫోన్లోవన్నీ పొడుగు నోటుపుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. గోంగూర పచ్చడి పేజీలో "ఉప్పు 13 గ్రా." అని నేను రాసిన దాని పక్కన అత్తయ్య పెన్సిలుతో "ఎర్ర గోంగూర అయితే చూసి" అని రాశారు. కిందటి ఆదివారం ఆ పేజీ చూసి మాస్టారు తన పుస్తకంలో కూడా ఆ మాట అలాగే రాసుకున్నారు.